మడతక్క చేపలకు పావంగుళం తక్కువ

ఆ వీధిలో అందరూ ఆవిడను మడతక్క అంటారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం ఆవిడ పని. పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని, కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చూసి, "వీడు వచ్చే ఏడాదికి రెండున్నర అంగుళాలు లేస్తాడు" అని చెప్పేస్తుంది. ప్యాంటు అంచులో సరిగ్గా రెండున్నర అంగుళాల గుడ్డ లోపలికి మడిచి పైపైన కుట్టేస్తుంది. ఏడాది తిరిగాక ఆ మడత విప్పితే ప్యాంటు మడమ దగ్గరకు వచ్చి బుద్ధిగా ఆగుతుంది. ఎలా చెబుతుందో ఎవరికీ తెలియదు. పిల్లవాడి పాదాలు చూస్తుందని కొందరు, పక్కన నిలబడ్డ తండ్రి పొడుగు చూస్తుందని కొందరు అంటారు. ఆవిడనే అడిగితే, "చెయ్యి తిరగాలి" అని ఒక్క మాట అని మళ్ళీ మిషన్ తొక్కుతుంది. వినయం ఆవిడకు నప్పే రంగు కాదు.

మనిషి మాత్రం పొట్టి. గుడ్డ కత్తిరించే బల్ల అందుకోవడానికి పీట ఎక్కి నిలబడుతుంది. తన ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలని ఆవిడ వాదన. ఎనిమిదీ ముప్పావని ఆవిడ టేపు అంటుంది. ఈ ఒక్క తగాదాలో ఆవిడ టేపును నమ్మదు.

షాపులో ఇంకో ఇద్దరున్నారు. ఇస్త్రీ చేస్తూ, చేత్తో కాజాలు కుట్టే భర్త. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని గుండీలు కుట్టే అత్తగారు. ఒకప్పుడు ఆ షాపు అత్తగారిదే. కోడలు వచ్చాక టేపూ కత్తెరా ఆ పిల్ల చేతిలో పెట్టి తను గుండీలకు దిగింది. దిగిందన్న మాటే కానీ, ఆవిడ నోరు దిగలేదు.

ఇక చేపల సంగతి. రెండు షాపుల అవతల రంగుచేపల షాపు ఉంది. సాయంత్రపు ఎండ తొట్ల మీద పడుతోందని, అక్కడ తెరలు కుట్టిపెట్టమని ఆ షాపాయన మడతక్కను పిలిచాడు. ఆవిడ పీట చంకన పెట్టుకుని వెళ్ళింది. ఒక తొట్టి ముందు పీట వేసి, ఎక్కి, టేపు చాచబోయి అలాగే ఉండిపోయింది.

తొట్టిలో ఆరు చేపపిల్లలున్నాయి. బొటనవేలంత ఉంటాయి. పాలనీలం ఒళ్ళు, దాని మీద నిలువునా ముదురు చారలు. చారల గుడ్డతో చొక్కా కుట్టడం ఎంత తలనొప్పో దర్జీలకే తెలుసు. పక్క కుట్టు దగ్గర చారకు చార కలవాలి, జేబు మీది చార వెనకున్న చారలోకి దిగాలి. అర నూలు తేడా వచ్చినా చొక్కా మొహం వంకరపోతుంది. ఈ చేపల వీపు రెక్క మీది చార ఒంటి మీది చారలోకి వచ్చి అతుకు తెలియకుండా కలిసిపోతోంది. ఆరింటికి ఆరూ అంతే.

"ఎవరు కుట్టారయ్యా వీటిని!" అంది మడతక్క, పైకే.

చేపలాయన నవ్వాడు. "సిక్లిడ్లు అక్కా. పెద్ద సరస్సు అడుగున రాళ్ళ మధ్య బతికే జాతి. పెద్దయ్యాక జానెడు దాటుతాయి, నుదురు ఇంత బుడిపెలా ఉబ్బుతుంది. చూడ్డానికి రాజాల్లా ఉంటాయి. కానీ ఎవరూ ఉంచుకోరు."

"ఏం, కరుస్తాయా?"

"పెరగవు. అంటే పెరుగుతాయి, చాలా నెమ్మదిగా. జనానికి ఓపికేది? మూడు నెలలు చూసి, ఇవి అలాగే ఉన్నాయి, తీసుకో అని తెచ్చి ఇచ్చేస్తారు. వీటిని ఇప్పటికి రెండిళ్ళవాళ్ళు వెనక్కి తెచ్చారు."

పెరగలేదని వెనక్కి ఇచ్చెయ్యడమా! మడతక్కకు ఒళ్ళు మండిపోయింది. దానికి కారణం ఉంది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళమ్మ బడికి గౌను కుట్టిస్తూ, పిల్ల ఎదుగుతుందని అయిదంగుళాల మడత పెట్టించింది. పిల్ల ఎదగలేదు. ఆరేళ్ళు అదే గౌను, అదే మడత. క్లాసులో వాళ్ళంతా ఏడాదికోసారి మడతలు విప్పుకుంటుంటే ఈ పిల్ల మాత్రం అయిదంగుళాల గుడ్డను మోకాళ్ళ చుట్టూ మోస్తూ తిరిగింది. ఈ కథ ఆవిడ నవ్వుతూనే చెబుతుంది, వినేవాళ్ళూ నవ్వుతారు. కానీ అప్పుడు చాలా ఏడ్చింది.

"నా టేపు కిందికి వచ్చి పెరగనివాళ్ళు లేరు తమ్ముడూ. ఇటిచ్చెయ్. తెరల కూలి నాకొద్దు" అంది.

చేపలాయన సంబరపడిపోయి నాలుగడుగుల పాత తొట్టి, గాలి బుడగల మోటారు, గులకరాళ్ళు, పైగా ఉత్తపుణ్యానికి రెండు పసుపు చేపలు కూడా ఇచ్చాడు. తొట్టి షాపులోకి వచ్చింది. వచ్చి ఎక్కడ కూర్చుంది? మిషన్లకూ కిటికీకీ మధ్య మూలలో. ఆ మూల ఖాళీగా లేదు. అక్కడ భర్తగారి కల ఉంది. చేత్తో కాజాలు కుట్టీ కుట్టీ ఆయన వేళ్ళు జల్లెడైపోయాయి. కాజాలు కుట్టే మిషన్ కొందామని ఎన్నాళ్ళ నుంచో అనుకుని, ఆ మూల శుభ్రంగా తుడిచి పెట్టుకున్నాడు.

"నా మిషన్ చోట్లో ఈ సముద్రమేంటే?" అన్నాడు.

"మీ మిషన్‌కి తొందరేముందండీ, అది ఎక్కడికీ పోదు."

"చేపలు మాత్రం పోతాయా? సరే, నువ్వు ఎవర్ని చూసినా చెప్పేస్తావుగా. చెప్పు చూద్దాం. ఏడాదికి ఎంత పెరుగుతాయి?"

మడతక్క తొట్టి ముందు నిలబడి కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది. చేపలకు పాదాలు లేవు. పక్కన తండ్రి కూడా లేడు. అయినా నోరు ఊరుకోలేదు. "ఇప్పుడు రెండంగుళాలున్నాయి. మళ్ళీ బళ్ళు తెరిచేనాటికి అన్నిటికంటే పెద్దది నాలుగున్నర" అనేసింది.

"ఒక్క నూలు తగ్గినా చేపలు వెనక్కి. మూల నాది."

"తగ్గితే కదా!"

ఈ మాట చెవిన పడి చేపలాయన పరుగున వచ్చాడు. "నాలుగున్నర అన్నావా అక్కా? మూడున్నర అని ఉండాల్సింది" అన్నాడు. కానీ మాట అనేయడం అయిపోయింది, అత్తగారు వినడం కూడా. అత్తగారు విన్నదంటే వీధి విన్నట్టే.

మడతక్క రంగంలోకి దిగింది. ఎదిగే వయసు, బాగా పెట్టాలి అనుకుంది. రోజుకు ఆరుసార్లు మేత వేసింది. మిషన్ మీద దారం మార్చినప్పుడల్లా ఓ చిటికెడు, టీ తాగినప్పుడల్లా ఓ చిటికెడు. మూడు వారాల్లో నీళ్ళు మబ్బుపట్టాయి, షాపులో ఏదో వాసన మొదలైంది. ఆరింటిలో పెద్దదానికి నుదురు కాస్త ఉబ్బి పెద్దమనిషి వాలకం ఉండేది కాబట్టి దానికి హెడ్మాస్టరు అని పేరు పెట్టింది. ఒక ఉదయం ఆ హెడ్మాస్టరు పొట్ట బంతిలా ఉబ్బి, రాయికి చేరగిలబడి, మేత వేస్తే మొహం తిప్పేసుకున్నాడు.

మడతక్క సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకున్న అంగుస్తానా తియ్యకుండా, కాళ్ళకు చెప్పులు లేకుండా చేపల షాపుకు పరుగెత్తింది. చేపలాయన వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా, వీటివి నెమ్మది కడుపులు. నువ్వు దండిగా పెడితే పెరగవు, పోతాయి. మూడు రోజులు పస్తుంచు. నీళ్ళు మూడో వంతు తీసి కొత్తవి పొయ్యి, అంతకంటే ఎక్కువ మార్చకు. ఆ తర్వాత వారం వారం అంతే. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత మేత, చాలు. లైటు తగ్గించు, వీళ్ళకు చీకటి ఇష్టం. దాక్కోడానికి నాలుగు పెద్ద రాళ్ళు పెట్టు."

"సరే. మరి పెరగడానికి ఏం చెయ్యాలి?"

"ఇదే. ఇంకేం చెయ్యకూడదు. ఆ చెయ్యకుండా ఉండటమే కష్టం."

నిజంగానే కష్టం. చేతులు కట్టుకుని కూర్చోవడం మడతక్కకు పుట్టాక ఎవరూ నేర్పలేదు. ఆ మూడు రోజులూ ఒక చొక్కాకు రెండు కుడి చేతులు కుట్టింది. మూడో రోజు, బడి హెడ్మాస్టరుగారు, నిజం హెడ్మాస్టరుగారు, కొత్త క్లాసుల యూనిఫారాల సంగతి మాట్లాడటానికి స్వయంగా వచ్చి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే రాళ్ళ వెనక నుంచి చేప కదిలింది. మడతక్క అద్దానికి ముక్కు ఆనించి చూసి ఎగిరి గంతేసింది.

"ఏమండీ! హెడ్మాస్టరు దొడ్డికెళ్ళాడండీ!"

ఇస్త్రీ పెట్టె భర్త చేతిలో గాల్లోనే ఆగిపోయింది. కుర్చీలో పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని, తలుపు వైపు చూసి, తన గురించి కాదేమోనని ఆశగా అత్తగారి వైపు చూశారు. అత్తగారు నోట్లో దారం పెట్టుకుని పొలమారేదాకా నవ్వింది. చేపను చూపించి విషయం చెప్పాక ఆయన కూడా నవ్వారు, పాపం. బేరం మాత్రం పోలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా, "మావాడు కులాసానా?" అని అడిగి మరీ కూర్చునేవారు.

ఆ రోజు నుంచి మడతక్క మారింది. మారింది అంటే, చిటికెడు మేత తీసి, సగం మళ్ళీ డబ్బాలో వేసి, తొట్టిలోకి కాకుండా తన ఒళ్ళోకి చూస్తూ కూర్చునేది. ప్రతి ఆదివారం నీళ్ళు మార్చేవారు. బకెట్లు మోసేది భర్తే. "నా మూలలో నా శత్రువులకు నేనే నీళ్ళు మోస్తున్నా" అని గొణిగేవాడు, కానీ నీళ్ళు వేడిగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా అని చెయ్యిపెట్టి చూసి మరీ పోసేవాడు.

ఆదివారమే కొలతలు కూడా. పిల్లలైతే కదలకు అని గడ్డం పట్టుకుని నిలబెట్టొచ్చు. చేపను ఎక్కడ పట్టుకుంటాం? రెండు వేళ్ళతో ఒక మేత గుళిక అద్దం లోపలి వైపు పట్టుకుంటే హెడ్మాస్టరు వచ్చి దాని ముందు ఒక్క క్షణం అలా నిలబడతాడు. ఆ క్షణంలో రెండో చేత్తో టేపు అద్దానికి ఆనించాలి. కొలతల పుస్తకంలో ఐదో తరగతి పిల్లల తర్వాత పేజీలో ఇలా రాసింది: "హెడ్మాస్టరు. మూతి నుంచి తోక చివర దాకా రెండుంబావు. నడుము కుదర్లేదు. వదులు అక్కర్లేదు."

నెల గడిచినా రెండుంబావే. రెండో నెలా అంతే. మడతక్క పని మానేసి తొట్టి ముందు పీట వేసుకుని గమనించింది. విషయం మేత దగ్గర ఉంది. గుళికలు నీళ్ళలో పడగానే పసుపు చేపలు రెండూ బాణాల్లా వచ్చి నోళ్ళు నింపుకుంటున్నాయి. చారల చేపలు, ఏదో సభకు వెళ్తున్నట్టు, నింపాదిగా, ఒకరికొకరు దారిచ్చుకుంటూ వచ్చేసరికి అక్కడ ఏమీ మిగలడం లేదు. ఆరింటిలో చిన్నదైతే, దాని పేరు వెనకబెంచీ, అసలు బయలుదేరేది కూడా కాదు. పసుపు దొంగలిద్దరినీ ఆ పూటే చేపలాయనకు అప్పగించింది. మునిగే గుళికలు తెచ్చి, రాళ్ళ దగ్గర వేర్వేరు చోట్ల, ఎవరి ముందు వాళ్ళకు వెయ్యడం మొదలుపెట్టింది. వెనకబెంచీకి ప్రత్యేకంగా ఓ మూల.

మూడో నెలలో హెడ్మాస్టరు రెండున్నర. మడతక్క వీధిలోకి వెళ్ళి చెప్పొచ్చింది.

ఇంకో చిక్కు నీళ్ళది. ఈ జాతికి నీళ్ళు కాస్త గట్టిగా, సున్నం కలిసినట్టు ఉండాలట. గుల్లలు, చిప్పలు ముక్కలు చేసి అడుగున వెయ్యమన్నాడు చేపలాయన. మడతక్క షాపంతా చూసి, అత్తగారి రేకు డబ్బా మీద కన్నేసింది. అందులో ముత్యపు చిప్పలతో చేసిన పాతకాలపు గుండీలున్నాయి, ఇప్పుడు ఎవరూ వాడనివి.

"నా కాలం నాటి గుండీలు చేపలకు వేస్తావుటే! చొక్కాలు తొడుక్కుంటాయా అవి?" అంది అత్తగారు.

"అడుగున పరుస్తానత్తయ్యా. వాటి సున్నం నీళ్ళలోకి దిగుతుందట."

వారం రోజుల అలక తర్వాత అత్తగారు తనే డబ్బా తీసి, గుండీలను మూడుసార్లు కడిగి, గుప్పెళ్ళతో జారవిడిచింది. నీళ్ళలో అవి మెరుస్తూ ఊగుతూ దిగుతుంటే ఆవిడ చప్పట్లు కొట్టింది. ఇక అప్పటి నుంచి చేపలు ఏ కొంచెం పెరిగినా అది ఆవిడ గుండీల చలవే. హెడ్మాస్టరు మూడంగుళాలు దాటిన రోజు వచ్చినవాళ్ళందరికీ ఆవిడే చెప్పుకుంది, కోడలి పేరెత్తకుండా.

ఇలా ఏడాది నడిచింది. మూడుంబావు. మూడున్నర, రెండు నెలలపాటు మూడున్నర. మూడూ ముప్పావు. మడతక్కకు ఆ చేపలంటే ప్రాణమైపోయింది. పందెం సంగతి మర్చిపోయిన రోజులు కూడా ఉన్నాయి. పొద్దున్న తలుపు తీయగానే ఆరు మొహాలూ అద్దం దగ్గరకు వచ్చి నిలబడేవి. తనను చూడ్డానికి తల దించకుండా పలకరించేవాళ్ళు ప్రపంచంలో వీళ్ళే అనిపించేది ఆవిడకు. బళ్ళు తెరవడానికి నెల ముందు హెడ్మాస్టరు నాలుగంగుళాలు. ఆఖరి ఆదివారం ముందు వారం నాలుగుంబావు దగ్గర్లో.

ఆఖరి ఆదివారం వచ్చింది. మడతక్క గుళిక పట్టుకుంది. హెడ్మాస్టరు వచ్చి నిలబడ్డాడు, ఆ రోజు మరీ నిటారుగా నిలబడ్డాడు. టేపు ఆనించింది. భర్త వంగి చూశాడు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

నాలుగుంబావు.

మళ్ళీ కొలిచింది. నాలుగుంబావే. తోక చివరి పోగు కూడా లెక్కలోకి తీసుకుంది. ఐనా నాలుగుంబావే.

భర్త గెలిచాడు. గెలిచినవాడు ఎగరాలి కదా, ఆయన ఎగరలేదు. "చేపలాయన్ను పిలవనా మరి?" అని గోడ వైపు చూస్తూ అడిగాడు. మడతక్క "పిలవండి" అంది. మాట మీద నిలబడే మనిషి, ఏం చేస్తాం. కానీ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. మూడో ఇంటి నుంచి కూడా పెరగలేదని వెనక్కి వెళ్తున్నాయి పిచ్చి ముండాకొడుకులు అనుకుంది, ఎంత ముద్దొస్తే అంత తిట్టే అలవాటున్న మనిషి.

చేపలాయన ప్లాస్టిక్ సంచులు, వల, ఒక చిన్న అద్దాల పెట్టె పట్టుకొచ్చాడు. ఆ పెట్టె చేపను ఒడుపుగా నిలబెట్టి చూసేది, దాని అంచుకు స్టీలు స్కేలు అంటించి ఉంది. హెడ్మాస్టరును అందులోకి దించి, అలవాటు కొద్దీ చూసి, "బాగా పెంచావక్కా, నాలుగున్నర" అన్నాడు.



"ఎంతా?" అన్నారు ముగ్గురూ.

"నాలుగున్నర. సరిగ్గా గీత మీద ఉంది, చూడండి."

మడతక్క టేపు తెచ్చి పెట్టెకు ఆనించింది. నాలుగుంబావు. స్కేలు మీద నాలుగున్నర. టేపు, స్కేలు, టేపు, స్కేలు. భర్త "మీ స్కేలు తప్పు బావమరిదీ" అన్నాడు. "స్టీలుది బావగారూ, అదెలా తప్పుతుంది?" అన్నాడు చేపలాయన. టేపును స్కేలు పక్కన పరిచారు. చూస్తే టేపు మొదట్లో, సున్నా గీతకు అవతల, పావంగుళం గుడ్డ పట్టీ ఉంది. అరిగి, మురికి పట్టి, టేపు రంగులో కలిసిపోయి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ పట్టీ చివరనే సున్నా అనుకుని మడతక్క ఊరినంతా కొలిచింది.

"ఓ, అదా" అంది అత్తగారు తాపీగా, గుండీకి ముడి వేస్తూ. "టేపు చివరి ఇత్తడి రేకు ఊడిపోయింది. అంచు పీలికలవుతుంటే నేనే పట్టీ వేశాను, నీకు ఇచ్చే ముందు."

"ఇరవై ఏళ్ళ నుంచి నా కొలతలన్నీ పావంగుళం తప్పా?" అంది మడతక్క. "మరి ఒక్క చొక్కా కూడా బిగుతై వెనక్కి రాలేదే?"

"ఎందుకొస్తుంది? ఆ టేపుతోనే కొలిచావు, ఆ టేపుతోనే కత్తిరించావు. తప్పుకు తప్పు సరిపోయింది." అత్తగారు సూది ఆపి, కాస్త ఆలోచించి, మొహం వెలిగిపోతుండగా అంది. "అంతేనా! ఛాతీకి నాలుగు ముక్కలు కత్తిరిస్తావు కదుటే. ముక్క ముక్కకూ నా పట్టీ పావంగుళం ఎక్కువ ఇచ్చింది. మడతక్క కుడితే గాలాడుతుంది, రెండేళ్ళు వస్తుంది అని ఊరంతా అంటారే, అది నీ చేతివాటం కాదు తల్లీ. నా పట్టీ!"

మడతక్క పీట మీద కూలబడింది. చెయ్యి తిరగాలి, చెయ్యి తిరగాలి అని ఇన్నేళ్ళు చెప్పిన చెయ్యి ఒళ్ళో ఊరికే పడి ఉంది. భర్త ఆ సమయంలో నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు.

"అయినా ఒప్పందం నీ టేపుతోనే కదా" అన్నాడు. "నీ టేపు ప్రకారం నాలుగుంబావు. ఆ టేపు తప్పంటావా, ఇంక నీ టేపును ఎవరు నమ్ముతారు?"

అదీ అసలు ముడి. టేపు ఒప్పయితే చేపలు వెళ్ళిపోతాయి. టేపు తప్పయితే మడతక్క అనే పేరే పావంగుళం పట్టీ మీద నిలబడిందని ఒప్పుకోవాలి. ఎదురుగా పెట్టెలో హెడ్మాస్టరు నోరు తెరుస్తూ మూస్తూ ఆవిడనే చూస్తున్నాడు. ఆవిడ లేచింది. కుట్లు విప్పే చిన్న బ్లేడు తీసుకుంది.

"ఆలోచించుకోవే" అంది అత్తగారు. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. "అది పోతే నీ పేరు పోతుంది."

"పోతే మళ్ళీ తెచ్చుకుంటానత్తయ్యా. ఈ పావంగుళం కోసం వీడు నెల రోజులు కష్టపడ్డాడు. పెరిగినవాణ్ణి పట్టుకుని పెరగలేదని నేననలేను. నా నోట రాదు."

ఒక్కొక్క కుట్టే తెంపింది. పట్టీ ఊడి బల్ల మీద పడింది. సున్నా గీత బయటికి వచ్చింది, ఇరవై ఏళ్ళు వెలుగు చూడక కొత్తగా, తెల్లగా. టేపు పెట్టెకు ఆనించింది. నాలుగున్నర.

ముందు నవ్వింది చేపలాయన. తర్వాత భర్త, ముందు ముక్కుతో, తర్వాత పొట్ట పట్టుకుని. తను ఓడిపోయాడన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టే లేదు. వల తీసుకుని హెడ్మాస్టరును తనే తొట్టిలోకి వదిలాడు. షాపులోని బీరువాను మేడ మీదకు ఎక్కిస్తే మిషన్‌కు చోటు రాకపోదని, ఆ మాట ఏడాది క్రితమే తట్టిందని, కానీ అడిగిన పాపాన ఎవరు పోయారని అన్నాడు. మడతక్క ఏడుస్తూ నవ్వుతూ, నవ్వుతూ ఏడుస్తూ, ఎవరిని తిట్టాలో తెలియక చేపలాయన వీపు మీద ఒక్కటి చరిచింది.

ఆ మధ్యాహ్నం షాపు మూసి కొలతల పుస్తకం ముందేసుకున్నారు. మడతక్క చదువుతుంటే భర్త ఎర్ర పెన్సిల్‌తో దిద్దాడు. ఒకటో తరగతి మొత్తం పావంగుళం. రెండో తరగతి మొత్తం పావంగుళం. ఊళ్ళో పిల్లలందరూ ఒక్క పూటలో పావంగుళం పెరిగిపోయారు. ఇకమీదట ఛాతీ ముక్కలకు ఆ పావు చేత్తో కలపాలని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. భర్తగారి నడుము దగ్గరకు వచ్చేసరికి ఆయన పెన్సిల్ కింద పెట్టేశాడు, అది మాత్రం పాత టేపే కరెక్టన్నాడు. అత్తగారు కోడల్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తి మీద పుస్తకం పెట్టి, కొత్త సున్నా నుంచి కొలిచింది. నాలుగడుగుల తొమ్మిది. మడతక్క అక్కడి నుంచి కదలనంది. ఇంకోసారి కొలవమంది. మూడోసారి చేపలాయన చేత కొలిపించింది.

చీకటి పడకముందే వేసే మేత వేళయింది. నలుగురూ తొట్టి ముందు చేరారు. ఆరు చేపలూ తొందరేమీ లేకుండా, గుండీల మీద నీడలు పరుస్తూ, ఎవరి గుళిక దగ్గరకు వాళ్ళు వెళ్తున్నాయి. వెనకబెంచీ కూడా బయలుదేరింది.

"సరే, చెప్పు" అన్నాడు భర్త. "వచ్చే ఏడాది ఈపాటికి ఎంతుంటాయి?"

మడతక్క కింది నుంచి పైకి చూసింది. పై నుంచి కిందికి చూసింది. అత్తగారు సూది ఆపింది.

"ఏమోనండీ, నాకు తెలీదు" అంది మడతక్క. ఆ మాట ఆవిడ నోట వాళ్ళెవరూ ఎప్పుడూ వినలేదు. ఆవిడకే అది ఎంత బావుందంటే, అద్దానికి నుదురు ఆనించి, "నిజంగా తెలీదు" అని చేపలకు కూడా ఇంకోసారి చెప్పింది.